బ్రౌజరు నిర్మాణము: ఎడతెగని పని

2020వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన చెన్నైనుండి మన ద్వీపములకు సముద్రగర్భమున వేసిన ఫైబరు కేబులు ప్రారంభింపబడినది. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. అంతకుముందు మనకు ఉపగ్రహములే ఆధారము. కేబులుతో సమాచారమునకు త్రోవ విశాలమైనది. కాని ఆ త్రోవను వచ్చిన సమాచారమును అక్షరములుగను, చిత్రములుగను మన కన్నులయెదుట నిలుపు సాధనము వేరొకటి కలదు. దానినే బ్రౌజరందురు, తెలుగున విహారిణి యనుటయు కలదు. నిత్యము వాడువారికి దాని వెనుకనున్న శ్రమ కానరాదు. క్రొత్త బ్రౌజరు నిర్మించుట ఎంత కష్టమో దాని చరిత్రయే తెలుపగలదు.

ఆరంభమున ఇది ఒక్కని పని. 1990లో జెనీవా సమీపమునగల సెర్న్ పరిశోధనాలయమునందు టిమ్ బర్నర్స్‌-లీ మొదటి బ్రౌజరును రచించెను. శీర్షిక, పేరా, లంకె మొదలగు కొలది గుర్తులను అది గ్రహించిన చాలును. 1993లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బీనా అనువారు నిర్మించిన మొజాయిక్ అక్షరముల నడుమ బొమ్మలను చూపెను. 1994లో వచ్చిన నెట్‌స్కేప్, బొమ్మలు చేరకమునుపే అక్షరములను తెరపై నిలిపి, మందగతి లైనులు గలవారికి ఊరట గూర్చెను.

పిమ్మట భారము పెరిగెను. 1995లో జావాస్క్రిప్టు, 1996లో సిఎస్ఎస్ వచ్చెను. చదువుకొను పత్రము క్రమముగా పనిచేయు యంత్రముగా మారెను. అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. లోకమునందలి పుటలలో తప్పులు కోకొల్లలు. తప్పున్నదని బ్రౌజరు పుటను త్రోసివేయరాదు. త్రోసివేసినచో చదువరి పుటను గాక బ్రౌజరునే నిందించును. కావున ఏ తప్పును ఎట్లు సరిదిద్దుకొనవలెనో కూడ హెచ్‌టిఎమ్‌ఎల్ ప్రమాణమునందు వివరింపవలసివచ్చెను. క్రొత్త విధులు చేరుచుండును గాని పాతవి తొలగుట అరుదు. ముప్పది యేండ్లనాటి పుటయు నేడు తెరచుకొనవలెను. పైగా ముక్కుమొగమెరుగనివారు వ్రాసిన ప్రోగ్రాములు మన యంత్రముపై నడచును గనుక, ఒక పుట వేరొక పుట రహస్యములను గ్రహింపకుండ కావలి కాయవలెను.

ఈ భారము నెట్‌స్కేప్ సంస్థకే తెలిసివచ్చినది. 1998 మార్చి 31న అది తన ప్రోగ్రాము మూలమును లోకమునకు వెల్లడించెను. ఆ యేడే పాత నిర్మాణమును విడిచి మొదటినుండి వ్రాయ నిశ్చయించిరి. నెట్‌స్కేప్ 6 వెలువడుసరికి 2000 నవంబరు వచ్చెను; మొజిల్లా 1.0 వెలువడుసరికి 2002 జూన్ వచ్చెను. ఈలోగా జనులలో అత్యధికులు మైక్రోసాఫ్టువారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునకు మరలిరి. అయినను ఆ శ్రమ వృథా కాలేదు. 2004లో ఫైర్‌ఫాక్సు అందుండియే ఉద్భవించెను.

ధనవంతులును అలసిరి. 2013లో ఒపేరా తన సొంత యంత్రాంగమును విడిచెను. 2018 డిసెంబరులో మైక్రోసాఫ్టు సైతము తనదానిని విడిచి గూగుల్‌వారి క్రోమియమును స్వీకరింప నిశ్చయించెను. ఆపిల్, గూగుల్ సంస్థల యంత్రాంగములకును మూలము కెడిఇ అను స్వచ్ఛంద బృందము వ్రాసిన కెహెచ్‌టిఎమ్‌ఎలే. నేడు విరివిగా వాడుకలోనున్న యంత్రాంగములు ప్రధానముగా మూడే: బ్లింక్, వెబ్‌కిట్, గెకో. 2024లో లాభాపేక్షలేని సంస్థగా ఏర్పడిన లేడీబర్డ్‌వారు మాత్రము క్రొత్తదానిని మొదటినుండి నిర్మింప సాహసించుచున్నారు.

ఇందు మన తెలుగువారికేమి పని యని అడుగవచ్చును. మన లిపిలో ఒత్తులు, గుణింతములు కలసి ఒకే అక్షరరూపమును దాల్చును. ఆ కూర్పును బ్రౌజరు యెరిగియుండవలెను. 1991లోనే యూనికోడులో తెలుగునకు స్థానము లభించినను, చాలకాలము మన దినపత్రికలు తమతమ సొంత ఫాంటులతోనే వెలువడెను. ఆ ఫాంటు లేనివారికి వార్తలు పిచ్చిగీతలుగా కనబడెడివి. వెన్న నాగార్జునగారు రచించిన పద్మ అను ఫైర్‌ఫాక్సు పొడిగింపు ఆ పుటలను యూనికోడు తెలుగులోనికి మార్చి చూపెను. బ్రౌజరును నిర్మించినవారు తీర్చని కొరతను భాష తెలిసినవాడు తీర్చిన తీరిది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను సంయుక్తాక్షరపు ఒకానొక కూర్పు కనబడినంతనే ఆపిల్ ఫోనులలోని ప్రోగ్రాములు కుప్పకూలెను. ఆ నెలలోనే సవరణ వచ్చినది. కోట్లమంది వ్రాయు లిపిలోని ఒక్క అక్షరమును సరిగా పరీక్షింపకున్న నెట్టి అనర్థము కలుగునో నాడు లోకమునకు తెలిసెను.

మన కేంద్ర ప్రభుత్వము 2023 ఆగస్టులో స్వదేశీ బ్రౌజరు నిర్మాణమునకై పోటీ ప్రకటించి, 3.41 కోట్ల రూపాయలు కేటాయించెను. మన దేశపు డిజిటల్ ధ్రువపత్రములను బ్రౌజరు స్వయముగా గుర్తింపవలెననుట అందలి ముఖ్యాశయములలో నొకటి. 2025 మార్చిలో జోహో సంస్థకు ప్రథమ బహుమానముగా కోటి రూపాయలు లభించెను. ఆ సంస్థవారి ఉలా బ్రౌజరు క్రోమియము పునాదిపై కట్టబడినదే. ఇందు చిన్నతనమేమియు లేదు; పై చరిత్ర నెరిగినవారికి ఆశ్చర్యమును లేదు. అయినను పునాది పరులదైనంతకాలము, మన లిపికి వచ్చిన కష్టము తీరుట పరుల తీరికపై ఆధారపడును.

కావున బ్రౌజరు ఒకనాడు పూర్తియగు కట్టడము కాదు. అది ప్రతిదినము మరమ్మతు కోరును. ఆ మరమ్మతులో ప్రోగ్రాములు వ్రాయలేనివారికిని పాలు కలదు. కార్యాలయమునను గృహమునను తెలుగును యూనికోడులోనే వ్రాయుదము. తెరపై ఒత్తు చెదరినచో, గుణింతము తప్పినచో, సర్దుకొనిపోక నిర్మాతలకు తెలియజేయుదము. ఆ తప్పు మొదట కనబడునది తెలుగు చదువువారికే గదా.