చదవడం వేరు, తెలియడం వేరు: నేటాల్ తెలుగు బడులలో పఠనం కథ

మన తెలుగు లిపిలో ఒక గొప్ప మేలు ఉంది. అందులోనే ఒక చిక్కు కూడా ఉంది. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు వచ్చిన పిల్లవాడు ఏ పుస్తకం చేతికిచ్చినా పైకి చదివేస్తాడు. మాటకు అర్థం తెలియనక్కరలేదు. ఇంగ్లీషులో అట్లా కుదరదు. త్రూ, దో, టఫ్ అనే మూడు మాటలకూ చివర ఒకే నాలుగక్షరాల తోక ఉంటుంది. మాట ముందే తెలిసినవాడు తప్ప వాటిని సరిగా పలకలేడు. పగలు ఇంగ్లీషు బడిలోను, సాయంత్రం తెలుగు పాఠశాలలోను పాఠం చెప్పే నావంటివారికి ఈ తేడా ప్రతిరోజూ కనబడుతుంది. ఇంగ్లీషు తరగతిలో అర్థం తెలియని పిల్లవాడు మాట దగ్గర ఆగిపోతాడు, వెంటనే పట్టుబడతాడు. తెలుగు తరగతిలో వాడు ఆగడు. వార్షికోత్సవంలో గడగడ చదివేస్తాడు, పెద్దలు చప్పట్లు కొడతారు. "బాబూ, ఇప్పుడు చదివిన దానిలో ఎవరు ఎక్కడికి వెళ్ళారు?" అని అడిగితే నేల చూపులు చూస్తాడు.

ఈ చిక్కు మన పరాయిదేశపు బతుకులో పుట్టిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన రాజధానిలోని బడులను లెక్కించి పంపమని జిల్లా కలెక్టర్లను ఆజ్ఞాపించాడు. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో తన జవాబు పంపాడు. అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా చేరి ఉండేది. ఆ జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు ఉన్నారని అతడు లెక్క చెప్పాడు. అందులో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతారు, తరువాత పద్యాలు వల్లె వేస్తారు. పద్యాల భాష వేరు, మాట్లాడే భాష వేరు. అక్షరాలు మాత్రం రెండింటికీ ఒకటే. అందుచేత పిల్లవాడు పుస్తకం చదవగలడు గాని అందులో ఏముందో చెప్పలేడు, చాలాచోట్ల చెప్పే అయ్యవారికి కూడా తెలియదు అని క్యాంప్‌బెల్ వ్రాశాడు. పిల్లలను మాటలు నేర్పిన చిలకతో పోల్చాడు.

దొర మాట గదా అని కొట్టిపారెయ్యడానికి లేదు. ఈ క్యాంప్‌బెల్ 1816లోనే తెలుగు వ్యాకరణం వ్రాసి అచ్చువేసినవాడు, భాష తెలిసినవాడు. అదే నివేదికలో బడులు క్షీణించడానికి జనం పేదరికమే కారణమని, ఇంగ్లండు నుంచి దిగే బట్టల వల్ల ఇక్కడి నేతగాళ్ళ జీవనం పోయిందని కూడా ఒప్పుకున్నాడు. ఈ రెండో భాగాన్ని చదివేవారు తక్కువ. ఒక నివేదికలో మనకు నచ్చిన సగాన్నే చదవడం కూడా ఒక రకం చిలక చదువే.

తెలుగు దేశంలో ఈ గొడవ అక్కడితో తీరలేదు. 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక అచ్చయింది. అది వచనమే, కాని ఇంట్లో ఎవరూ మాట్లాడని వచనం. బడులలో పాఠ్యపుస్తకమయింది. 20వ శతాబ్ది మొదట్లో ఉత్తర సర్కారులలో బడుల తనిఖీదారుగా వచ్చిన జె. ఎ. యేట్స్ అనే దొర, పిల్లల పుస్తకాలలోని తెలుగు వారు మాట్లాడే తెలుగు ఎందుకు కాలేదని అడిగాడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ఆ ప్రశ్నను పట్టుకున్నారు. 1940లో చనిపోయేవరకు విడిచిపెట్టలేదు. కొండల్లోని సవరలకు వారి భాషలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకొని, వారికి బడులు పెట్టించి, పుస్తకాలు వ్రాసినవారు ఆయన. పరాయి భాషలో అక్షరాలు దిద్దితే పిల్లవాడికి ఏమవుతుందో కళ్ళారా చూసినవారు గనుకనే ఆయన మాటకు అంత బలం వచ్చిందని నా నమ్మకం.

పర్లాకిమిడి అప్పుడు గంజాం జిల్లాలో ఉండేది. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచే మన తాత ముత్తాతలలో ఎందరో మద్రాసు డిపోకు నడిచి, ఓడ ఎక్కారు. మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బను చేరింది. చివరి ఓడలు 1911లో వచ్చాయి. ఈ యాభై ఏళ్ళలో నేటాలుకు వచ్చినవారు 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచి వచ్చినవారే. వారిలో చాలామందికి చదువు రాదు. ఐదేళ్ళ గిరిమిట్టు కాగితంలో ఏముందో ఎవరో చదివి వినిపించారు, వీరు గుర్తు పెట్టారు. జీతమెంత, రేషనెంత, పని మానితే ఏమవుతుంది అన్నవి ఆ కాగితంలోనే ఉన్నాయి. 1895లో గిరిమిట్టు తీరినవారి మీద మూడు పౌన్ల పన్ను వేసే చట్టం చేసినప్పుడు కూడా దాని సంగతి చదివి తెలుసుకున్నవారు కొద్దిమందే. ఆ పన్ను 1913 సమ్మె తరువాత, 1914లో గాని పోలేదు.

ఇక్కడ బడుల సంగతి చూద్దాం. 1878లో నేటాల్ ప్రభుత్వం భారతీయ వలసదారుల పిల్లల కోసం ఒక స్కూలు బోర్డు పెట్టింది. ఆ బడులు ఇంగ్లీషు బడులు. తెలుగుకు చోటు లేదు. తెలుగు మిగిలింది బారక్సులలో, రామభజనలో. భజనలో పుస్తకం ఒకరి చేతిలోనే ఉండేది. ఆయన చదివేవాడు, పక్కన కూర్చున్న పెద్ద ఒకాయన మామూలు మాటల్లో అర్థం చెప్పేవాడు, మిగిలినవారు "ఆహా" అనేవారు, ప్రశ్నలు వేసేవారు అని మా ఇంటి పెద్దలు చెప్పగా విన్నాను. పురాణ కాలక్షేపం మన దేశంలో ఎప్పుడూ అట్లాగే జరిగింది. చదివేవాడు ఒకడు, చెప్పేవాడు ఒకడు. అక్షరం రానివారు కూడా కథ పూర్తిగా తెలుసుకొని ఇంటికి వెళ్ళేవారు. పుస్తకం వచ్చి అర్థం రాని మన పిల్లల కంటె వారే మంచి చదువరులని నేనంటే తప్పు పట్టకండి.

1931లో ఆంధ్ర మహాసభ ఏర్పడ్డాక చెదురుమదురుగా ఉన్న తెలుగు పాఠశాలలకు ఒక అండ దొరికింది. పుస్తకాలు భారతదేశం నుంచి ఓడల మీద రావాలి. 1946లో భారతదేశం ఈ దేశపు జాతివివక్షకు నిరసనగా వ్యాపారం మానివేసింది. అది న్యాయమైన పని. మన పాఠశాలలకు మాత్రం కొత్త పుస్తకాలు దొరకడం కష్టమయింది. 1993లో రెండు దేశాల మధ్య రాయబార సంబంధాలు తిరిగి మొదలయ్యేదాకా ఒక తరం పాత బాలశిక్షలతోను, స్టెన్సిలు కోసి సైక్లోస్టైలు చేసిన కాగితాలతోను గడిపింది. నేను తెలుగు నేర్చుకున్నది ఆ ఊదారంగు కాగితాల మీదనే. ఈ నడుమ 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం మనవారిని పాత ఇళ్ళ నుంచి లేపి ఛాట్స్‌వర్తుకు, తరువాత ఫీనిక్సుకు తరలించింది. మాగజీన్ బారక్సులో పక్కపక్క గదులలో ఉన్న తెలుగు కుటుంబాలు వేరువేరు వీధులలో పడ్డాయి. పిల్లలు ఆడుకునేటప్పుడు తెలుగు వినడం మానేశారు. అప్పటి నుంచి పాఠశాలలో చదివే మాట ఇంట్లో వినని మాట అయింది. ఇది క్యాంప్‌బెల్ చూసిన బళ్ళారి కంటె కష్టమైన స్థితి. అక్కడి పిల్లవాడికి పద్యం తెలియకపోయినా ఇంటి తెలుగు తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చదివినది తెలిసేటట్టు ఎట్లా చెప్పాలి? దీనికి పాశ్చాత్యుల పుస్తకాలే దిక్కు కానక్కరలేదు. మన పాతవారికి ఒక చక్కని పద్ధతి ఉంది: అన్వయం, ప్రతిపదార్థం, తాత్పర్యం. అన్వయమంటే పద్యంలో చెదిరిన మాటలను మాట్లాడే వరుసలో పెట్టడం. ఎవరు, దేనిని, ఏమి చేశారు అని అడిగితే అన్వయం దానంతట అదే వస్తుంది. ప్రతిపదార్థం ప్రతి మాటకూ అర్థం. తాత్పర్యం అంతా కలిపి స్వంత మాటల్లో చెప్పడం. ఇంతకంటె మంచి పఠన పాఠం నాకు తెలియదు. కాని మన పాఠశాలల్లో జరిగిందేమిటంటే, తాత్పర్యాన్ని కూడా అయ్యవారు బోర్డు మీద వ్రాసేవారు, పిల్లలు దానినీ వల్లె వేసేవారు. తలుపు తెరవడానికి ఇచ్చిన తాళంచెవిని గోడకు తగిలించినట్టయింది.

నేను నా తరగతిలో బోర్డు మీద తాత్పర్యం వ్రాయను. చిన్న గద్యం ఇస్తాను, ఆరేడు వాక్యాలకు మించదు. మొదట పుస్తకాలు మూయించి నేను చదువుతాను, వాళ్ళు వింటారు. ఏం వినబడిందో ఇంగ్లీషులో చెప్పినా ఊరుకుంటాను. తరువాత పుస్తకం తెరిచి వాళ్ళు మనసులో చదువుతారు. పైకి చదవడం చివరికి గాని ఉండదు. కొందరు తల్లిదండ్రులకు ఇది నచ్చదు. తరగతిలో చప్పుడు లేకపోతే చదువు లేదని వారి ఉద్దేశం. ప్రశ్నలు కూడా రెండు రకాలుగా వేస్తాను. "రాముడు బజారుకు ఎందుకు వెళ్ళాడు?" అన్నదానికి జవాబు వాక్యంలోనే ఉంటుంది. వాక్యం అర్థం కాకపోయినా "ఎందుకు" అన్నచోట ఆ ముక్క ఎత్తి వ్రాసేయవచ్చు. "రాముడు తిరిగి వచ్చినప్పుడు అమ్మ ఎందుకు నవ్వింది?" అన్నదానికి జవాబు వాక్యంలో లేదు. కథ తెలిస్తేనే వస్తుంది. ఈ రెండో రకం ప్రశ్న ఒక్కటైనా లేని పరీక్ష పఠన పరీక్ష కాదు, కాపీ వ్రాతే.

ఇంకొక ఇబ్బంది ఉంది. మన పాఠాలన్నీ ఆంధ్రదేశంలో వ్రాసినవి. సంక్రాంతికి చలి, భోగిమంట చుట్టూ పిల్లలు చేతులు కాచుకుంటారు. డర్బనులో జనవరి అంటే ఒళ్ళంతా చెమట. ఉగాది వసంతంలో వస్తుందని పాఠం. ఇక్కడ మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండ తగ్గి ఆకులు రాలడం మొదలవుతుంది. "ఉగాది ఏ ఋతువులో వస్తుంది?" అన్న ప్రశ్నకు ఒక అమ్మాయి "ఇండియాలో వసంతం, మా ఇంట్లో శరత్తు" అని వ్రాసింది. నేను పూర్తి మార్కులు వేశాను. పాఠం చదివింది, కిటికీలోంచి బయటికి కూడా చూసింది. ఇంతకంటె ఇంకేం కావాలి?

అందుకే పెద్ద తరగతికి ఇప్పుడు మన కాగితాలే పాఠాలుగా ఇస్తున్నాను. ఓడల జాబితాలలో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీది గుర్తులు ఉంటాయి. అంతా ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినబడినట్టు వ్రాసిన పేర్లు. చికాకోల్ అంటే శ్రీకాకుళమని, బిమ్లిపటాం అంటే భీమునిపట్నమని, కొకనాడా అంటే కాకినాడ అని పిల్లలు పటం దగ్గర పెట్టుకొని కనిపెడతారు. ఇంటిపేరులాగా నిలిచిపోయిన అప్పల్సామి అన్న మాటలో సింహాచలం అప్పన్న ఉన్నాడని తెలిసిన రోజున ఒక కుర్రవాడు ఇంటికి వెళ్ళి తాతగారిని గంటసేపు ప్రశ్నలు వేశాడట. ఆ పేరును తెలుగులో వ్రాయించి, దాని కింద ఐదు వాక్యాలు వ్రాయమంటాను. పద్యాలతో మేలుకోని పిల్లలు దీనితో మేలుకుంటారు.

ఇది మన తెలుగువారి బాధ మాత్రమే కాదని కూడా చెప్పాలి. 2021లో జరిగిన పర్ల్స్ అనే అంతర్జాతీయ పఠన పరీక్షలో ఈ దేశపు నాలుగో తరగతి పిల్లలలో 81 శాతం మంది ఏ భాషలోనైనా అర్థం తెలిసేటట్టు చదవలేకపోతున్నారని తేలింది. 2016లో అది 78 శాతం. వారికి పరీక్ష పెట్టింది వారి బడి భాషలోనే. జూలూ పిల్లలకు జూలూలో, ఇంగ్లీషు పిల్లలకు ఇంగ్లీషులో. జూలూ కూడా తెలుగులాగే వ్రాసినది వ్రాసినట్టు పలికే భాష. పైకి చదివించి, చాలు కూర్చోమనే అలవాటు అన్ని బడులలోను ఉంది. మన సాయంత్రపు బడిలో గంటసేపు నేర్చిన అలవాటు పగటి బడిలో కూడా పనికి వస్తుందని కొందరు తల్లిదండ్రులు ఈమధ్య గ్రహించారు.

భారతీయ భాషలు 1980లలో కొన్నాళ్ళు ప్రభుత్వ బడులలోకి వచ్చాయి, తరువాత వెనకబడ్డాయి. 2014లో మళ్ళీ ఐచ్ఛిక విషయాలుగా ఒప్పుకున్నారు. ఐచ్ఛికం అన్న మాటకు అర్థం ఏమిటో ఆలోచించండి. అడిగేవారు ఉంటేనే ఉంటుంది, ఉపాధ్యాయుడు దొరికితేనే నడుస్తుంది.

ఈ ఏడు పెద్ద తరగతికి నేనిచ్చిన చివరి అభ్యాసం రాజ్యాంగం నుంచి. 1996 నాటి మన రాజ్యాంగం ఆరవ విభాగంలో తెలుగు పేరు ఉంది. ఇంగ్లీషు ప్రతిలో "తెలెగు" అని పలికేటట్టు అచ్చయింది. సభలలో వక్తలు "రాజ్యాంగం తెలుగుకు హామీ ఇచ్చింది" అంటూ ఉంటారు. ఆ విభాగం ముందు పెట్టుకొని రెండు ప్రశ్నలు వేశాను. అధికార భాషలకు భాషా మండలి ఏం చేయాలని ఉంది? తెలుగుకు ఏం చేయాలని ఉంది? పిల్లలు రెండుసార్లు చదివి జవాబు వ్రాశారు. అధికార భాషలకు, ఖోయ్, నామా, సాన్ భాషలకు, సంజ్ఞా భాషకు ప్రోత్సాహంతో బాటు అభివృద్ధికి, వాడకానికి కావలసిన పరిస్థితులు కూడా కల్పించాలి. తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూ, గ్రీకు, జర్మను వంటి భాషలతో బాటు తెలుగుకు ప్రోత్సాహం, గౌరవం. అంతవరకే. "టీచర్, అయితే బడి ఎవరు పెట్టాలి?" అని ఒక పిల్ల అడిగింది. ఆ జవాబు ఆ విభాగంలో లేదని, మళ్ళీ చదివి చూడమని చెప్పాను. చదివింది. లేదంది. వచ్చే సంవత్సరం తరగతులు జనవరి చివరి శనివారం మొదలవుతాయి, నాలుగో తరగతికి ఇంకా ఒక ఉపాధ్యాయుడు కావాలి.