ఒకే పెన్న, రెండు ఊళ్ళు

పెన్న ఒడ్డున కొద్ది క్రోసుల యెడంలో జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వున్నాయి. భాష ఒకటే, యెండ ఒకటే. అయినా కొండాపురం నుంచి బయలుదేరి రెండూ చూచివచ్చిన వానికి రెండు లోకాలు తిరిగినట్లుంటుంది. మొదటిదానిది కోట పౌరుషమనీ, రెండవదానిది అంగడి తెలివి అనీ చెప్పి ఊరుకోవడం సులభం. గాని ఊరి గుణం నెత్తుటిలో పుట్టదు, చరిత్రలో పుడుతుంది.

జమ్మలమడుగు అందం దాని పడమటి దిక్కున వుంది. గండికోట దగ్గర పెన్న యెర్రని కొండను చీల్చుకొని పారుతుంది. పెమ్మసాని నాయకులేలిన ఆ దుర్గాన్ని 1650లో మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే అతణ్ణి చూడడానికి అక్కడికే వచ్చాడు. భూస్వామ్య యుగంలో వర్తకుడు ప్రభువు వాకిట నిలబడవలసిందే. కోట ప్రాభవం పోయినా అధికారపు నీడ జమ్మలమడుగును విడువలేదు. రెవెన్యూ డివిజను కచేరీ, లండన్ మిషన్ వారి ఆసుపత్రి ఆ ఊరికొక నెమ్మదిని, పెద్దరికాన్ని యిచ్చాయి.

ప్రొద్దుటూరులో ప్రభువే వర్తకుడు. 1800లో యీ సీమ ఇంగ్లీషు కంపెనీ వశమయింది. తరువాత ఇంగ్లీషు పెట్టుబడిదారులు సాగుకూ, పడవలకూ అని కర్నూలు-కడప కాలువ తవ్వించారు. వారికది గిట్టలేదు, 1882లో ప్రభుత్వం కొనుక్కున్నది. వారికి గిట్టని నీరే ప్రొద్దుటూరు పొలాలకు అందింది. ప్రత్తి వ్యాపారం, బంగారం వ్యాపారం పెరిగి ఊరికి ‘రెండవ బొంబాయి’ అని పేరు తెచ్చాయి. అమ్మవారిశాల దసరా వైభవంలో మనం చూచేది ఆ వర్తకుల వైభవాన్నే. అయితే అంగడి సందడి మధ్యనే, అగస్త్యేశ్వరాలయంలో, పుట్టపర్తి నారాయణాచార్యులు ‘శివతాండవం’ రచించారు. ధనం కవిని కొనలేదు గాని, కవి నిలవడానికొక ఊరు కావలసి వచ్చింది.

ఇట్లా ఒకటి కోటను, మరొకటి కాలువను ఆశ్రయించి పెరిగాయి. రెండింటి వెనుకా వున్నది మాత్రం ఒకే చేయి: ప్రత్తి తీసిన కూలిది, మగ్గం గుంటలో కూర్చున్న నేతగానిది. ఆ చేతికి కోటలోనూ పేరు లేదు, బంగారు అంగడిలోనూ పేరు లేదు.

నేడు గండికోట వద్ద 26.85 టి.ఎం.సి.ల జలాశయం నిలిచింది. కరువు సీమకు నీరు అక్కరలేదని యెవడూ అనడు. కాని ఆ నీటి కోసం కొండాపురం మండలంలోని తాళ్ళప్రొద్దుటూరు జనం 2020లో ఇళ్ళు విడిచి పోవలసి వచ్చింది. రెండు ఊళ్ళ అందాలను పోల్చేటప్పుడు నీటికింద వున్న యీ మూడవ ఊరిని లెక్కలోకి తీసుకోకపోతే, మన చరిత్ర కూడా కోట గోడలనూ, అంగడి త్రాసునూ పొగిడే చరిత్రే అవుతుంది.