మోటుపల్లి రేవు

ఓడ పగిలి సరకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చినచో అది ఎవరి సొత్తు? వర్తకునిదా, తీరమేలు రాజుదా? పూర్వపు రాజులు తమదే యనిరి. కాదనిన రాజొకడు మన తెలుగునాట నుండెను. ఆతని మాట చెక్కిన స్తంభము మోటుపల్లి వీరభద్రాలయమున కలదు.

మోటుపల్లి నేడు బాపట్ల జిల్లాలో చినగంజాము సమీపమున నున్న చిన్న గ్రామము. ఉప్పుమడులు దాటి పోవు మనకు ఇది ఒకనాటి మహానౌకల రేవని తోచదు. శాసనము మాత్రము దీనికి దేశ్యుయ్యక్కొండపట్టణమను ఘనమైన పేరు చెప్పుచున్నది.

కాకతీయ గణపతిదేవుడు 1244లో ఆ అభయ శాసనమును వేయించెను. ద్వీపాంతరములకు బయలుదేరి, గాలివానకు చిక్కి, రేవుకాని చోట ఒడ్డున పడిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను మునుపటి రాజులు బలాత్కారముగా గైకొనెడివారట. తాను న్యాయమైన సుంకము తప్ప మరేమియు తీసికొననని గణపతిదేవుడు మాట యిచ్చెను. ప్రాణముకంటె ధనమే గొప్పదని యెంచి కడలికెక్కినవారిపై దయ చూపవలెనట! వర్తకుల స్వభావమును ప్రభువు చక్కగ నెరిగినవాడే. ఆ సుంకము ముప్పదింట నొకపాలు. అనగా నూటికి మూడు రూపాయలకు కొంచెము మించినది. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, పట్టు, మిరియములు మొదలైనవి ఆ శాసనమున పేర్కొనబడినవి.

ఇది కేవలము కరుణ యని మనము చెప్పము. భయపడిన నావికుడు వేరొక రేవు చూచుకొనును. అప్పుడు ఆ ముప్పదవ పాలును దక్కదు. అయినను చేతికందిన సొమ్మును విడుచుట ఏ ప్రభుత్వమునకును సులభము కాదు.

13వ శతాబ్ది చివరను మార్కోపోలో ఈ దేశమును రేవు పేరుతోనే ‘ముట్ఫిలి’ యని వర్ణించెను. ఇచ్చటి వజ్రములను, సాలెగూటివంటి సన్నని వస్త్రములను, రాణి ధర్మపాలనను పొగడెను. ఆమెను రాజు భార్యగా భావించుట మాత్రము ఆతని పొరపాటు. రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె.

1323లో ఓరుగల్లు పడిపోయెను. 1358లో రెడ్డిరాజగు అనవోతారెడ్డి మోటుపల్లిలో మరల శాసనము వేయించి వర్తకులకు అభయమిచ్చెను. వచ్చి కాపురముండ గోరువారికి భూమి నిచ్చుటయు, పోగోరువారిని నిర్బంధింపకుండుటయు అందలి షరతులు. ఒకసారి బెదరిన వర్తకుని మరల పిలుచుట కెంత శ్రమయో ఆ షరతులే చెప్పుచున్నవి.

17వ శతాబ్ది నాటికి ఈ తీరమున మచిలీపట్టణమే ప్రధాన రేవయ్యెను. మోటుపల్లి ప్రాభవము తగ్గెను. రాతిస్తంభము మాత్రము గుడిలో మిగిలినది.