తెర మీది నంబరు, ఛాసిస్ మీది నంబరు: తెలుగు సినిమా వాహనాల ప్రామాణికత

ఫలానా సినిమాలో కనిపించిన కారు ఇదేనని ఎవరైనా చెప్పినప్పుడు పరిశోధకుడు మొట్టమొదట పక్కన పెట్టవలసినది నంబరు పలక. కథకు తగినట్టు రాయించిన పలక చిత్రీకరణ ముగియగానే ఊడిపోతుంది. ఒకే నంబరును రెండు మూడు బండ్లకు బిగించడమూ కద్దు. ఛాసిస్ మీద చెక్కిన నంబరు, ఇంజను నంబరు, రిజిస్ట్రేషను పత్రం, చేతులు మారినప్పటి కాగితాలు ఒకదానినొకటి బలపరచినప్పుడే ఆ మాటకు చరిత్రలో విలువ ఉంటుంది.

ఈ విషయంలో అమెరికా చిత్రం ‘బుల్లిట్’ (1968) ఉదాహరణ బోధపరచేది ఎక్కువ. అందులో వాడిన మస్టాంగులు రెండు. వాటి ఛాసిస్ నంబర్ల చివరి అంకెలు 558, 559. రెండవది 1974 నుంచి ఒకే కుటుంబం దగ్గర ఉండిపోయి, 2018లో బయటికి వచ్చి, 2020 జనవరి వేలంలో రుసుములతో కలిపి 37.4 లక్షల డాలర్లు పలికింది. మొదటిది మెక్సికోలో తుక్కుగా దొరికింది. తెర మీద రెండూ ఒకటే కారు. వాటిని విడదీసినవి చివరి అంకెలు మాత్రమే. ‘గోల్డ్‌ఫింగర్’ (1964)లోని ఆస్టన్ మార్టిన్ సంగతి ఇంకా చిక్కు. చిత్రీకరణ తరువాత దాని పరికరాలను తీసేసి కంపెనీ మామూలు కారుగా అమ్మింది. తరువాతి యజమాని ఒకరు వాటిని మళ్లీ అమర్చుకున్నారు. 1997లో ఫ్లోరిడాలో అది దొంగల పాలయింది. ఛాసిస్ అసలుదే అయినా, పరికరాలు తిరిగి పెట్టించుకున్నవి అయినప్పుడు ‘అసలు కారు’ అనే మాటకు అర్థమేమిటి? ఈ ప్రశ్నను తెలుగు నేలకు తెచ్చుకోవడం అవసరం.

తెలుగు సినిమాలో వాహనానికి ఇంతటి గౌరవం దక్కలేదు. 1994లో విపణిలోకి వచ్చిన టాటా సుమో, ‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఆది’ (2002) వంటి ఫాక్షన్ చిత్రాల కాలానికి ఒక పాత్రే అయి కూర్చుంది. కానీ ఆ పాత్రకు పేరు లేదు. వరుసగా వచ్చే తెల్ల సుమోల్లో ఏది ఏదో ప్రేక్షకుడికి అక్కర లేదు. పేలిపోవడానికే వచ్చిన బండికి వంశావళి ఎవరు రాస్తారు? ఇక్కడ ప్రామాణికతను దెబ్బతీసింది మోసం కాదు, సంఖ్యాబలం.

అయినా జాడ పూర్తిగా చెరిగిపోదు. 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను ప్రకారం వాహనం ధ్వంసమైనా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా యజమాని ఆ సంగతిని పద్నాలుగు రోజుల్లోగా, లేదా వీలైనంత త్వరగా, రిజిస్ట్రేషను అధికారికి తెలపాలి. సినిమా కోసం కాల్చిన బండికీ ఇదే నియమం. అందుచేత సినిమా పత్రికల కంటే రవాణా కార్యాలయపు రద్దు పద్దులూ, నిర్మాణ సంస్థల అద్దె రసీదులూ ఇలాంటి పరిశోధనకు దగ్గరి ఆకరాలు. వీటిని చరిత్ర సామగ్రిగా చూడకపోవడం మన సినిమా చరిత్ర రచనలో పెద్ద లోటు.

ఏ కార్యాలయంలో వెతకాలన్నది మరో చిక్కు. పొదిలిలోని ఒక పాత కారు యజమాని తన బండి ఫలానా చిత్రంలో తిరిగిందని చెప్పాడనుకుందాం. 1970 ఫిబ్రవరిలో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు పొదిలి నెల్లూరు జిల్లాలోది. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి. కనుక అంతకు ముందటి బండి అయితే పొదిలి వారికి ఒక దారి, పక్కనున్న మార్కాపురం వారికి మరో దారి. తరువాతి కాలంలో జిల్లా బండ్లకు ఏపీ 27 వచ్చింది. 2019లో రాష్ట్రమంతటా కొత్త బండ్లకు ఒకటే కోడుగా ఏపీ 39 వచ్చింది. నంబరు చూసి ఊరు చెప్పే వెసులుబాటు అంతటితో పోయింది.

సినీ లోకం నుంచి వచ్చి జనం మనసులో నిలిచిన వాహనం ఎన్.టి.రామారావు ‘చైతన్య రథం’. విచిత్రమేమంటే దానిని నిలిపింది సినిమా కాదు, రాజకీయం. 1982లో పార్టీ పెట్టాక పాత షెవ్రొలే వ్యానును ఊరేగింపు వేదికగా మార్పించి, కుమారుడు హరికృష్ణ నడుపుతుండగా ఆయన రాష్ట్రమంతా తిరిగారు. దీని విలువ షెవ్రొలే ఛాసిస్‌లో లేదు, పైన కట్టిన వేదికలో ఉంది. ఆస్టన్ మార్టిన్ ప్రశ్న ఇక్కడ తలకిందులవుతుంది: మార్పే అసలు. 2019 నాటి ‘ఎన్.టి.ఆర్: మహానాయకుడు’లో ఆ రథం మళ్లీ తెర మీదికి వచ్చింది, ఆ చిత్రపు స్టిల్సు రేపు 1982 నాటి ఛాయాచిత్రాలుగా చలామణి కాకుండా చూడవలసిన బాధ్యత పరిశోధకులదే.

‘కల్కి 2898 ఏడీ’ (2024)లోని ‘బుజ్జి’తో పరిస్థితి మారింది. మహీంద్రా, కోయంబత్తూరుకు చెందిన జయం ఆటోమోటివ్స్ తోడ్పాటుతో తయారైన ఈ విద్యుత్ వాహనం బరువు సుమారు ఆరు టన్నులు. ముందు రెండు చక్రాలు, వెనుక ఒకటి. తయారీదారు పేరు, కొలతలు, విడుదలకు ముందే జరిగిన ఊరూరి ప్రదర్శనల ఛాయాచిత్రాలు అన్నీ ఉన్నాయి. సుమోలకు దక్కని జాతకం దీనికి పుట్టుకతోనే వచ్చింది. అయితే తెర మీద బుజ్జి రూపం మార్చుకుని యంత్ర మానవుడిలా లేచి నిలబడుతుంది. ఆ రూపానికి ఛాసిస్ లేదు, చక్రాలు లేవు; ఉన్నవి గ్రాఫిక్స్ ఫైళ్లు. రేపటి పరిశోధకుడు కోయంబత్తూరు కార్ఖానాతో పాటు ఆ ఫైళ్లు దాచిన చోటికీ వెళ్లాలి.