అడగకుండా చేసిన ఆపరేషన్లు

బిడ్డకు జబ్బు ముదిరితే చంద్రగిరిలో రైలెక్కి, కాట్పాడిలో దిగి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోవడం మా వైపు పాత అలవాటే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చంద్రగిరి, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. ఇప్పుడు మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంది. ఆడో మగో పైకి తేలని శరీరంతో పుట్టిన ఇంటర్‌సెక్స్ బిడ్డకు ఆ సరిహద్దు దాటితే రక్షణే మారిపోతుంది.

2019 ఏప్రిల్ 22న మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనంలో జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్ ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ పెళ్లి రిజిస్ట్రేషన్ కేసులో తీర్పు చెబుతూ ఈ పసిపిల్లల సంగతీ ఎత్తారు. ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం ప్రాణాపాయం ఉంటే తప్ప వాళ్లను ఆడగానో మగగానో మార్చే ఆపరేషన్లు చేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. దేశంలో అదే మొదటిది.

ఆ ఆపరేషన్లకు బలమిచ్చిన సిద్ధాంతం 1950ల నాటిది. పసితనంలోనే ఏదో ఒకటి ఖాయంచేసి పెంచితే బిడ్డ అలాగే కుదురుకుంటుందని అమెరికాలో జాన్ మనీ వాదించాడు. సున్తీ వికటించిన డేవిడ్ రీమర్ అనే మగబిడ్డను ఆడపిల్లగా పెంచి, అదే రుజువన్నాడు. ఆ బిడ్డ మాత్రం పద్నాలుగేళ్లప్పుడు మళ్లీ మగపిల్లాడిగా బతకడం మొదలుపెట్టాడు. 1997లో నిజం బయటపడింది. 2004లో రీమర్ ఆత్మహత్య చేసుకున్నాడు.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. అడ్రినల్ గ్రంథి లోపంతో పుట్టిన కొందరు ఆడబిడ్డల జననాంగం మగబిడ్డదానిలా కనిపిస్తుంది. ఒంట్లో ఉప్పు నిలవని రకమైతే రెండో వారానికల్లా వాంతులు మొదలవుతాయి, పాలు తాగరు, సోడియం పడిపోతుంది. హైడ్రోకార్టిసోన్ వెంటనే అందకపోతే ప్రాణం పోతుంది. ఆ మందు ఒక్క పూట కూడా ఆగకూడదు. చూపుకు సరిగా ఉండాలని చేసే కోత ఆగవచ్చు. చుట్టాల ఎదుట బిడ్డకు గుడ్డ మార్చలేక తలుపు వేసుకునే తల్లికి ఈ తేడా విడమరిచి చెప్పేవాళ్లు కావాలి. ఆమె భయం చిన్నదేం కాదు.

ట్రాన్స్‌జెండర్ పిల్లల విషయంలో వాదం తలకిందులు. అక్కడ చికిత్స కావాలని పిల్లలే అడుగుతారు. యవ్వన లక్షణాలను ఆపి ఉంచే మందులను 1990ల్లో నెదర్లాండ్స్ వైద్యులు వీళ్లకు వాడసాగారు. 2024 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో హిల్లరీ కాస్ నివేదిక వాటికి ఆధారాలు బలహీనమని తేల్చింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం మాత్రం ఆ చికిత్సను సమర్థిస్తూనే ఉంది. దాన్ని నిషేధించిన టెనెసీ చట్టాన్ని 2025 జూన్ 18న అమెరికా సుప్రీంకోర్టు నిలబెట్టింది. అదే చట్టం, పుట్టుకతో వచ్చిన లింగభేదాలకు చేసే వైద్యానికి మినహాయింపు ఇచ్చింది. అడిగిన పిల్లలకు వద్దని, అడగలేని పసికందుకు సరేనన్న ఆ న్యాయం నాకు మింగుడుపడలేదు.

2023 ఆగస్టులో కేరళ హైకోర్టు ఇంటర్‌సెక్స్‌గా పుట్టిన ఏడేళ్ల బిడ్డకు ఆపరేషన్ చేయించాలన్న తల్లిదండ్రుల కోరికను ఒప్పుకోలేదు. బిడ్డ ఇష్టం తెలియకుండా కుదరదంది, అవసరమేదో నిపుణుల కమిటీ చూడాలంది. 2024 ఏప్రిల్‌లో ఈ ఆపరేషన్లపై ఇంటర్‌సెక్స్ హక్కుల కార్యకర్త గోపీ శంకర్ వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు కేంద్రానికి నోటీసులిచ్చింది. ఆ కేసులో తీర్పు వచ్చేదాకా అమరావతి కాచుకోవలసిన పనిలేదు. కేరళ చెప్పినట్టు కమిటీ, తమిళనాడు ఇచ్చినట్టు ఉత్తర్వు, పుట్టిన వారంలోపే అడ్రినల్ పరీక్ష: ఈ మూడూ తిరుపతి ప్రసూతి ఆసుపత్రి నుంచే మొదలుపెట్టవచ్చు.