ఇద్దరు సత్యాలు

ఇలా కుంపటి దగ్గరికి జరగండర్రా. నువ్వు గజ్జెలు విప్పకే అమ్మాయ్, వాటి సంగతే చెప్పబోతున్నా.

మాది కూచిపూడికి ఆమడ దూరం. నా చిన్నప్పుడు మా రామాలయం ముందు కూచిపూడి భాగవతుల భామాకలాపం ఆడించారు. పొద్దుగూకకముందే చాపలు పట్టుకెళ్ళి కూర్చున్నాం. ఇద్దరు మనుషులు రంగు తెర పట్టుకుని నిలబడ్డారు. వెనకనుంచి గజ్జెల చప్పుడు. దివిటీల మీద గుగ్గిలం పొడి చల్లితే గుప్పున మంట లేచింది. అప్పుడు పడింది తెర మీంచి ఇవతలికి జడ! నగలూ కుచ్చులూ, ఎంత పొడుగో! ఆటలో, పాటలో నన్ను ఓడించగలిగితే వచ్చి ఈ జడ కోసుకోండని సత్యభామ పందెం. అంతమందిలో ఒక్కరు కదిలితే ఒట్టు.

తెర తీశాక చూడాలి. ఆ నడక, ఆ ఓరచూపు! మొగుడి పేరు చెప్పమని చెలికత్తె మాధవి బలవంతపెడుతుంటే ఆ సిగ్గు! మా పిన్ని బుగ్గలు నొక్కుకుని, "ఏ ఇంటి ఆడపడుచో" అంది. ఆడపడుచు కాదే, వేదాంతం సత్యనారాయణ శర్మ అని తాతయ్య చెప్పినా తెల్లారేదాకా నమ్మలేదు. ఆయన 1935లో పుట్టారు, అప్పటికి కుర్రాడే. సత్యభామ, ఉష, మోహిని... ఆ ఆడవేషాలే ఆయన్ని 1970లో పద్మశ్రీదాకా తీసుకెళ్ళాయి.

మర్నాడు నేను తువ్వాలు జడగా కట్టుకుని దొడ్లో ఆడుతుంటే నాయనమ్మ చెంప ఛెళ్ళుమనిపించింది. గజ్జె కట్టేది భాగవతుల ఇళ్ళ మగపిల్లలే, మనింటి పిల్ల కడితే పరువేం కావాలి అంది. దెబ్బ అప్పుడే మరిచిపోయాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కూచిపూడిలోనే ఇంకో సత్యం పుట్టారు, వెంపటి చినసత్యంగారు. 1929లో. మద్రాసు వెళ్ళి, సినిమాల్లో నాట్యం కూర్చే పెదసత్యంగారి దగ్గర పనిచేసి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆయన గురువు వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు అంతకుముందే ఆడపిల్లలకి నేర్పడం మొదలెట్టారు. చినసత్యంగారు ఆ తలుపు బార్లా తీశారు. భుజంగరాయ శర్మగారు పాట రాయడం, పట్రాయని సంగీతరావుగారు బాణీ కట్టడం, ఈయన అడుగు కూర్చడం. క్షీరసాగర మథనం, చండాలిక, అలా ఎన్ని నృత్యనాటకాలో! మెరుగులు దిద్ది పల్లె వాసన పోగొట్టారని కొందరన్నారు. నేనొప్పుకోను. ఆయన బయటికి తేకపోతే ఆ విద్య మనింటి గడప తొక్కేదా?

చాలా ఏళ్ళకి ఆయన శిష్యురాలు శోభానాయుడి సత్యభామని బెజవాడలో చూశాను. అనకాపల్లిలో పుట్టిన పిల్ల. అదే జడ, అదే పొగరు. ఈసారి జడ వేసుకున్నది ఆడపిల్ల. పక్కన పిన్ని లేదు. కళ్ళనీళ్ళు ఆగలేదు నాకు.

2012 జులైలో చినసత్యంగారు పోయారు. నవంబరులో సత్యనారాయణ శర్మగారూ వెళ్ళిపోయారు. ఒకరు నాకు సత్యభామని చూపించారు, ఒకరు నీ కాలికి గజ్జె కట్టించారు.

రేపు నీ జడ నేనే అల్లుతాను. తెర వెనక నిలబడ్డప్పుడు ఇద్దరికీ దణ్ణం పెట్టుకో అమ్మా.