నీలగిరి తైలం: పేరు మనది, చెట్టు పరాయిది

జలుబు చేసినప్పుడు వేడినీళ్ళలో నాలుగు చుక్కలు వేసుకొని, దుప్పటి ముసుగుపెట్టి ఆవిరి పట్టని తెలుగు ఇల్లు అరుదు. మూత తీయగానే కర్పూరాన్ని తలపించే చల్లని ఘాటు. దానినే మనము నీలగిరి తైలమంటాము. నీలగిరి, తైలం రెండూ సంస్కృత పదాలే కావడంతో ఇది ఋషుల కాలం నాటి ఔషధమని చాలామంది నమ్మకం. చరకసంహితలో ఏ అధ్యాయంలో ఉన్నదో చెప్పమని నన్ను అడిగినవారున్నారు. ఏ అధ్యాయంలోనూ లేదు, ఉండే అవకాశమూ లేదు.

ముందుగా పేరు సంగతి. తిలల నుండి వచ్చినది తైలం, అనగా నువ్వుల నూనె. మన 'నూనె' కూడా నువ్వు, నెయ్యి కలిసి ఏర్పడిన మాటే. కాలక్రమాన అర్థవ్యాప్తి పొంది రెండూ అన్ని నూనెలకూ చెల్లినవి. నీలగిరి తైలం మాత్రం గానుగ ఆడితే వచ్చేది కాదు. ఆకుల గుండా నీటి ఆవిరిని పోనిచ్చి, ఆ ఆవిరిని చల్లార్చి, నీటిపై తేలినదానిని వేరుచేస్తారు. కాగితం మీద చుక్క వేస్తే జిడ్డు మరక నిలవక ఎగిరిపోతుంది.

నీలగిరి అన్న పేరు ప్రాచీనమే. హోయసల విష్ణువర్ధనుని కాలపు 1117 నాటి శాసనంలో 'నీల' పర్వత ప్రసక్తి ఉన్నది. చెట్టు మాత్రం ఆస్ట్రేలియాది. 1788లో లెరిటియే అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు దానికి యూకలిప్టస్ అని నామకరణం చేశాడు. గ్రీకు భాషలో 'చక్కగా కప్పబడినది' అని అర్థం. మొగ్గకు టోపీ వంటి మూత ఉంటుంది కనుక ఆ పేరు. అక్కడి ఆదివాసులు ఆ ఆకును ఎంతోకాలంగా మందుగా వాడుతూనే ఉన్నారు. 1852లో జోసెఫ్ బోసిస్టో అనే మందుల వ్యాపారి, ఫెర్డినాండ్ ఫాన్ ముల్లర్ అనే వృక్షశాస్త్రజ్ఞుని ప్రోత్సాహంతో, విక్టోరియా ప్రాంతంలో బట్టీ పెట్టి తైలాన్ని వ్యాపార సరుకుగా మార్చాడు. 1870లో ఫ్రెంచి రసాయనవేత్త క్లోయెజ్ అందులోని ముఖ్య పదార్థానికి యూకలిప్టాల్ అని పేరుపెట్టాడు. సినియోల్ అన్నా అదే. ఆ కర్పూరపు ఘాటు ప్రధానంగా దానిదే. హారతి కర్పూరం వేరు, దాని చెట్టూ వేరు.

ఇక మన దేశానికి రాక. 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాను నందికొండ మీది తన తోటలో ఈ చెట్లను నాటించాడని చెబుతారు. నీలగిరులకు 1843లో వచ్చింది. ఊటీ చలికి దొరలు పొయ్యిలో వేసుకొనేందుకు షోలా అడవులను కొట్టించగా వంటచెరకుకు కరువు ఏర్పడింది. ఆ కొరత తీర్చడానికి 1856 నుండి గ్లోబ్యులస్ అనే రకాన్ని తోటలుగా పెంచారు. అంటే ఆ కొండకు అది మందుగా కాదు, కట్టెగా వచ్చింది! చలి దానికి సరిపడింది, తోటలు పెరిగాయి, వాటి ఆకుతో బట్టీలు వెలిశాయి. కొండ పేరు తైలానికి, తైలం నుండి చెట్టుకు పాకింది. తమిళులు ఏకంగా 'తైలమరం' అన్నారు.

మరొక చిత్రం చూడండి. మన పొలాల్లో కాగితపు గుజ్జుకోసం పెంచే జామాయిల్ కూడా ఈ కుటుంబానిదే. 'మైసూరు గమ్' అనే ఆ రకానికి పుట్టిల్లు నందికొండ చెట్లే. తైలానికి పేరుపొందినది గ్లోబ్యులస్, గుజ్జుకు పేరుపొందినది ఇది. ఒక అన్నను ఋషిపుత్రుణ్ణి చేశాము, తమ్ముణ్ణి నీళ్ళు తాగే దొంగ అన్నాము.

పుట్టుక పొరపడితే నష్టమేమి అనవచ్చు. నష్టమున్నది. "పూర్వుల మందు, హాని చేయదు" అనే ధీమాతో పసిపిల్లల ముక్కు కింద రాసేవారు, తేనెలో కలిపి నాకించేవారు నేటికీ ఉన్నారు. చెంచాడు తైలం లోపలికి పోయినా పసివారికి మగత, మూర్ఛ రావచ్చు. రెండేళ్ళలోపు పిల్లల ముఖానికి దీనిని తాకించరాదు. ఎవరూ లోపలికి తీసుకోరాదు. పెద్దలైనా ఒంటికి రాసుకొనేటప్పుడు కొబ్బరినూనెలో పలచన చేసుకోవాలి. సలసల కాగే గిన్నె ముందు పిల్లలను కూర్చోబెట్టరాదు. సీసాను వారికి అందని చోట ఉంచాలి.

పరాయిదని పారవేయనక్కరలేదు. మిరపకాయ పరాయిది కాదా? అది లేని పచ్చడిని నేడు ఊహించగలమా? అయితే మిరప ఘాటు నాలుకకు వెంటనే తెలుస్తుంది, ఈ తైలం ఘాటు మంచి పేరు చాటున దాగి ఉన్నది. మన ఇళ్ళలో దీని అనుభవం వేల ఏళ్ళది కాదు. ఆ సంగతి ఎరిగి, చుక్కలు లెక్కపెట్టి వాడుకొందాము.